కొత్త విండోస్‌లో పాత స్కానర్‌ని పనిచేయించడం ఎలా

కందుకూరులో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆగిపోతున్నాయని తెలిసి, షాపులోకి విండోస్ 11 ఉన్న కొత్త సిస్టమ్ తీసుకున్నాం. ప్రింటర్ వెంటనే కలిసింది. పదిహేనేళ్లుగా మాకు అన్నం పెట్టిన స్కానర్ మాత్రం కలవలేదు. వైరు గుచ్చితే సిస్టమ్ ఒకసారి టుంగ్‌మంటుంది, అంతే.

ఆ రోజే ఒక పెద్దాయన గుడ్డ సంచిలోంచి పొలం దస్తావేజు తీసి కౌంటర్ మీద పెట్టాడు. 1971 నాటిది. పైన ఒంగోలు జిల్లా అని ఉంది. మా వైపు ఇలాంటి కాగితాలు చాలా వస్తాయి. 1970కి ముందు కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. ఒకే పొలానికి తాత కాగితంలో ఒక జిల్లా, తండ్రి కాగితంలో ఇంకో జిల్లా ఉంటుంది. సర్వే నంబరు, ముద్ర, సంతకం స్పష్టంగా కనబడకపోతే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆ పెద్దాయనే.

"ఫోన్‌తో తీసింది ఒకసారి పంపిచ్చాం అమ్మాయ్, కనపళ్లేదని తిప్పి పంపారు" అన్నాడు.

మడతల దగ్గర నాలుగుచోట్ల చిరిగిన కాగితం అది. గాజు మీద పరిచి మూత వేస్తేనే మడత సాపవుతుంది, అక్షరం నిలబడుతుంది. రెండు రోజులాగి రమ్మని ఆయన్ని పంపించి, స్కానర్ ముందు కూర్చున్నాను. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నదీ, తర్వాత చుట్టుపక్కల షాపులవాళ్ల స్కానర్లు సరిచేస్తూ తెలుసుకున్నదీ మీకు వరసగా చెబుతాను. ఈ వరసలోనే చేయండి. చాలామంది నేరుగా డ్రైవర్ డౌన్‌లోడ్ దగ్గర మొదలుపెట్టి రోజంతా పోగొట్టుకుంటున్నారు.

అసలు ఎందుకు పనిచేయదు?

స్కానర్‌కీ విండోస్‌కీ మధ్య డ్రైవర్ అనే దుబాసీ ఉండాలి. మీరు స్కానర్ కొన్న రోజుల్లో సీడీలో వచ్చిన దుబాసీ 32-బిట్ విండోస్ కోసం తయారైంది. విండోస్ 7, విండోస్ 10లలో 32-బిట్ రకం కూడా ఉండేది కాబట్టి అక్కడ నడిచింది. విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు, అంతా 64-బిట్. 64-బిట్ విండోస్‌లో పాత 32-బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ 32-బిట్ డ్రైవర్లు నడవవు. అందుకే సీడీలోని సాఫ్ట్‌వేర్ చక్కగా ఎక్కుతుంది, తెరుచుకుంటుంది, తీరా స్కాన్ నొక్కితే స్కానర్ లేదంటుంది. ఇక్కడే చాలామంది మెషీన్ పోయిందనుకుని పాత సామాన్ల బండికి వేసేస్తారు. గాజు, మోటారు, లైటు అన్నీ బాగానే ఉంటాయి. దుబాసీ ఒక్కడే ఉండడు.

మొదట స్కానర్‌ని బోర్లించి చూడండి

కావలి నుంచి ఒకబ్బాయి బస్సులో గోనెసంచిలో చుట్టుకుని స్కానర్ తెచ్చాడు. "అక్కా, నాలుగు డ్రైవర్లు మార్చా, కిర్రు కిర్రుమని ఆగిపోతంది, మోటారు పోయినట్టుంది" అన్నాడు. బోర్లించి చూస్తే అడుగున తాళం బొమ్మ ఉన్న చిన్న మీట మూసిన వైపే ఉంది. షాపు మారేటప్పుడు ఎవరో మంచి ఉద్దేశంతోనే లాక్ చేశారు, తీయడం మరిచిపోయారు. మీటను వేలితో తెరిచిన బొమ్మ వైపు జరిపితే అయిపోయింది. చాలా ఫ్లాట్‌బెడ్ స్కానర్లకు ఈ లాక్ ఉంటుంది, రవాణాలో లోపల లైటు మోసే బండి కొట్టుకోకుండా. కొన్నిటికి అడుగున, కొన్నిటికి పక్కన. లాక్ వేసి ఉండగా పదేపదే స్కాన్ నొక్కితే మోటారు పళ్లు అరుగుతాయి కాబట్టి ఇది అన్నిటికంటే ముందు చూడాలి.

తర్వాత వైరు. రామాయపట్నం, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో యూఎస్‌బీ పిన్నులకు పచ్చగా చిలుము పట్టడం నేను కళ్లారా చూశాను. బయటికి వైరు కొత్తగానే ఉంటుంది, మూతిలోకి టార్చి వేస్తే కనబడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు మూడుసార్లు గుచ్చి తీయండి. వీలైతే వైరే మార్చండి. ఐదు మీటర్లు దాటిన యూఎస్‌బీ వైరు వాడొద్దు. ఎక్స్‌టెన్షన్లు, హబ్బులు తీసేసి సిస్టమ్ వెనక వైపు పోర్టుకు నేరుగా పెట్టండి. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో మొండికేస్తే నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి చూడండి. వేరే అడాప్టర్ లేకుండా యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే పలచటి స్కానర్లకు ఇది ఇంకా ముఖ్యం. హబ్‌లో మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ కలిసి కరెంటు పంచుకుంటే బండి సగం దాకా వెళ్లి ఆగుతుంది.

అడాప్టర్ ఉండే లావు స్కానర్ అయితే, పాత అడాప్టర్ పోయి ఏదో ఒకటి గుచ్చి ఉంటే, దాని మీద రాసిన వోల్టేజీ, ప్లస్ మైనస్ గుర్తు స్కానర్ వెనక రాసినదానితో సరిపోతున్నాయా లేదా చూడండి. సరిపోకపోతే వెంటనే తీసేయండి, బోర్డు కాలిపోతుంది.

వెడల్పాటి 25 పిన్నుల ప్రింటర్ పోర్టుకు తగిలించే మరీ పాత స్కానర్ అయితే నేరుగా చెబుతున్నాను, వదిలేయండి. బజారులో దొరికే యూఎస్‌బీ కన్వర్టర్ వైర్లు ప్రింటర్ల కోసం చేసినవి. వాటితో ఆ స్కానర్లు పలకవు.

సిస్టమ్‌కి అది కనబడుతోందా?

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ తెరవండి. దాన్ని చూస్తూనే స్కానర్ వైరు తీసి, మళ్లీ గుచ్చండి. గుచ్చినప్పుడు లిస్టు ఒకసారి కదిలి, కొత్త పేరేదైనా వస్తే స్కానర్ బోర్డు బతికే ఉంది. ఎంత గుచ్చినా ఏమీ కదలకపోతే డ్రైవర్ కోసం వెతకడం దండగ, లోపం వైరులోనో బోర్డులోనో ఉంది. ఈ ఒక్క నిమిషం పరీక్ష ఎన్ని గంటలు మిగులుస్తుందో చెప్పలేను.

సాధారణంగా అదర్ డివైజెస్ కింద పసుపు గుర్తుతో కనబడుతుంది. దాని మీద డబుల్ క్లిక్ చేసి, డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వీఐడీ పక్కన నాలుగు అక్షరాలు కంపెనీవి: 04ఏ9 అంటే కానన్, 03ఎఫ్0 అంటే హెచ్‌పీ, 04బీ8 అంటే ఎప్సన్. పీఐడీ పక్కన నాలుగు అక్షరాలు మోడల్‌వి. స్కానర్ మీది పేరు అరిగిపోయినా, సెకండ్ హ్యాండ్‌లో పేరు తప్పు చెప్పి అమ్మినా ఈ ఎనిమిది అక్షరాలు అబద్ధం చెప్పవు. కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తాయి.

డ్రైవర్ వెతకడం

ముందు విండోస్‌నే అడగండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్. అక్కడ డ్రైవర్ అప్‌డేట్స్‌లో మీ స్కానర్ పేరుంటే టిక్ పెట్టి దించుకోండి. లేకపోతే కంపెనీ సొంత సైట్‌కి వెళ్లి మీ మోడల్ సపోర్ట్ పేజీ తెరవండి. అక్కడ విండోస్ 11 పేరు లేకపోయినా దిగులు పడొద్దు. విండోస్ 10 64-బిట్, 8.1 64-బిట్, 7 64-బిట్ అని వరసగా ఎంచుకుంటూ చూడండి. విండోస్ 7 కోసం చేసిన 64-బిట్ డ్రైవర్ చాలాసార్లు విండోస్ 11లోనూ నడుస్తుంది. ఉదాహరణకు కానన్ లైడ్ 110, లైడ్ 210లకు 64-బిట్ డ్రైవర్లున్నాయి. అదే కంపెనీ లైడ్ 20, లైడ్ 30లకు లేవు. కాబట్టి ఒకే వరస పేర్లున్నాయని ఒకదాని డ్రైవర్ ఇంకోదానికి ఎక్కించబోకండి.

దించుకున్నాక స్కానర్ వైరు తీసేయండి. పాత డ్రైవర్ సగం సగం ఎక్కి ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. కొత్త డ్రైవర్ ఇన్‌స్టాల్ పూర్తయ్యాకనే వైరు గుచ్చండి. ముందే గుచ్చితే విండోస్ తనకు తోచింది తగిలించి, తర్వాత సరైనదాన్ని రానివ్వదు.

సెటప్ ఫైలు ఈ విండోస్‌కి పనికిరానని ఆగిపోతే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో విండోస్ 7 ఎంచుకుని మళ్లీ నడపండి. దానికీ లొంగకపోతే 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో సెటప్ ఫైలును విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. డివైజ్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న పేరు మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. సెటప్ బొమ్మ తెర మొండికేసినా, లోపలున్న అసలు డ్రైవర్ ఇలా ఎక్కిన సందర్భాలున్నాయి.

ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పాలి.

ఒకటి, గూగుల్‌లో స్కానర్ పేరు కొట్టగానే పైన వచ్చే డ్రైవర్ డౌన్‌లోడ్ సైట్లు. మీ మోడల్ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది, పెద్ద పచ్చ బటన్ ఉంటుంది, దిగేది మాత్రం ఏదో డ్రైవర్ అప్‌డేటర్. తెలిసిన ఒక షాపులో అలా దించుకున్న తర్వాత బ్రౌజర్ నిండా ప్రకటనలు, చివరికి సిస్టమ్ ఫార్మాట్ చేయాల్సి వచ్చింది. కంపెనీ సైట్ తప్ప ఇంకెక్కడా దించుకోవద్దు.

రెండు, యూట్యూబ్ వీడియోల్లో చెప్పే డ్రైవర్ సిగ్నేచర్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆపడం, మెమరీ ఇంటెగ్రిటీ ఆపడం. వాటితో కొన్ని పాత డ్రైవర్లు ఎక్కుతాయి, నిజమే. కానీ అవి విండోస్ తలుపుకి ఉన్న గొళ్లేలు. మనలాంటి షాపుల్లో ఆ సిస్టమ్‌లోనే జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు ఉంటాయి, డబ్బు లావాదేవీలు చేస్తాం. ఒక స్కానర్ కోసం గొళ్లెం తీయడం నాకు ఇష్టం లేదు, మీకూ సలహా ఇవ్వను. పైగా సిగ్నేచర్ తనిఖీని స్టార్టప్ సెట్టింగ్స్‌లో ఆపితే రీస్టార్ట్ చేయగానే మళ్లీ మొదటికొస్తుంది.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొన్నారా? అది ఆర్మ్ రకం. దానికి మామూలు 64-బిట్ డ్రైవర్ కూడా పనికిరాదు. ఈ భాగం మొత్తం వదిలేసి, కింద పాత సిస్టమ్‌ని స్కానర్‌కే వదిలేయడం గురించి రాసిన దగ్గరికి వెళ్లండి.

డ్రైవర్ ఎక్కింది, అయినా స్కానర్ లేదంటుంది

డివైజ్ మేనేజర్‌లో పేరు శుభ్రంగా, పసుపు గుర్తు లేకుండా ఉంది. సాఫ్ట్‌వేర్ తెరిస్తే మాత్రం స్కానర్ కనబడదు. దీనికి రెండు కారణాలుంటాయి.

విండోస్‌లో స్కానర్ల పని చూసే సర్వీసు ఆగిపోయి ఉండొచ్చు. స్టార్ట్‌లో సర్వీసెస్ అని టైప్ చేసి తెరవండి. లిస్టులో విండోస్ ఇమేజ్ అక్విజిషన్ అని ఉంటుంది, పక్కన డబ్ల్యూఐఏ అని. డబుల్ క్లిక్ చేసి, స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ పెట్టి, స్టార్ట్ నొక్కండి. ముందే నడుస్తూ ఉంటే రీస్టార్ట్ నొక్కండి.

రెండోది ఫొటో స్టూడియోల వాళ్లకు ఎక్కువగా తగులుతుంది. డ్రైవర్‌తో పాటు ట్వైన్ అనే భాగం కూడా వస్తుంది, దాని ద్వారానే ఫొటోషాప్ లాంటివి స్కానర్‌ని పిలుస్తాయి. స్కానర్ కంపెనీ ఇచ్చిన ట్వైన్ 32-బిట్‌ది, మీ ఫొటోషాప్ 64-బిట్‌ది అయితే ఒకదానికొకటి కనబడవు. స్కానర్ తప్పు లేదు, ఫొటోషాప్ తప్పూ లేదు. ఇలాంటప్పుడు న్యాప్స్2 అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. ఇది ఓపెన్ సోర్స్, ప్రకటనలు లేవు. ప్రొఫైల్ తయారుచేసేటప్పుడు డ్రైవర్ డబ్ల్యూఐఏ కావాలా ట్వైన్ కావాలా అని అడుగుతుంది. ఒకదాంతో రాకపోతే రెండోదాంతో ప్రయత్నించండి. పది పేజీలు వరసగా స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్ చేయడం, పేజీలు తిప్పడం, సర్దడం దీంట్లో చాలా సులువు. మా షాపులో రోజూ వాడేది ఇదే.

కంపెనీ డ్రైవరే లేకపోతే

డబ్బు పెట్టగలిగితే వ్యూస్కాన్ అనే ప్రోగ్రామ్ ఉంది. కంపెనీ మరిచిపోయిన ఎన్నో పాత స్కానర్లకు వాళ్లే సొంతంగా డ్రైవర్ రాసి లోపల పెట్టారు. ముందు ఉచితంగా వేసి చూడొచ్చు, స్కాన్ మీద వాటర్‌మార్క్ పడుతుంది. మీ స్కానర్ కదిలి బొమ్మ వస్తే అప్పుడే డబ్బు కట్టండి.

డబ్బు వద్దనుకుంటే లినక్స్, అంటే విండోస్‌కి బదులు వాడుకోగల ఉచిత సిస్టమ్. పేరు వినగానే టెన్షన్ పడొద్దు, నాకూ అంతకుముందు తెలియదు. లినక్స్‌లో సేన్ అనే ఉమ్మడి స్కానర్ వ్యవస్థ ఉంది. ప్రపంచంలో ఎవరెవరో ఓపిగ్గా కూర్చుని పాత స్కానర్ల భాష నేర్చుకుని రాసిన డ్రైవర్లన్నీ అందులో ఉన్నాయి. అక్కడ వాటిని బ్యాకెండ్ అంటారు. కానన్ లైడ్ 20, లైడ్ 30లకు ప్లస్‌టెక్ బ్యాకెండ్ ఉంది. లైడ్ 100, 110, 200, 210లకు, హెచ్‌పీ స్కాన్‌జెట్ 2400కి జెనెసిస్ బ్యాకెండ్ ఉంది. సేన్ ప్రాజెక్టు సైట్‌లో స్కానర్ల పట్టిక ఉంటుంది. మీరు రాసుకున్న ఎనిమిది అక్షరాలు అక్కడ వెతకండి. పక్కన కంప్లీట్ లేదా గుడ్ అని ఉంటే ధైర్యంగా ముందుకెళ్లండి. బేసిక్, మినిమల్ అంటే కొన్ని సౌకర్యాలు ఉండవు. అన్‌సపోర్టెడ్ అంటే ఇక్కడితో ఆపేయండి.

లినక్స్‌ని సిస్టమ్‌లో ఎక్కించకుండానే పరీక్షించొచ్చు. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, 8 జీబీ సరిపోతుంది. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందు ఫొటోలేవైనా ఉంటే తీసిపెట్టుకోండి. ఉబుంటు, లినక్స్ మింట్ అని లినక్స్‌లో రకాలున్నాయి. వాటిలో ఒకదాని ఐఎస్ఓ ఫైలు (మొత్తం సిస్టమ్ ఒకే ఫైలుగా ఉండేది) వాళ్ల సొంత సైట్ నుంచి దించుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. స్కానర్ గుచ్చి, పెన్‌డ్రైవ్ గుచ్చి, సిస్టమ్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. చాలా సిస్టమ్‌లలో అది ఎఫ్12, ఎఫ్9, లేదా ఎస్కేప్. పెన్‌డ్రైవ్ ఎంచుకున్నాక వచ్చే తెరలో ఇన్‌స్టాల్ జోలికి వెళ్లకుండా ఉబుంటులో అయితే ట్రై అనే ఆప్షన్, మింట్‌లో అయితే స్టార్ట్ లినక్స్ మింట్ తీసుకోండి. హార్డ్ డిస్క్‌ని ఏమీ చేయదు. డెస్క్‌టాప్ వచ్చాక డాక్యుమెంట్ స్కానర్ అనే ప్రోగ్రామ్ తెరిచి స్కాన్ నొక్కండి.

నేను నొక్కినప్పుడు ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత గాజు కింద సన్నటి గీతలా లైటు వెలిగింది, బండి చిన్నగా వెనక్కి వెళ్లి, తిరిగి ముందుకు నడిచింది. మా వారిని కేకేసి పిలిచాను.

ప్రోగ్రామ్‌లో స్కానర్ కనబడకపోతే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) తెరిచి స్కాన్‌ఇమేజ్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, డ్యాష్ పెట్టి, వెంటనే పెద్ద ఎల్ కొట్టండి. స్కానర్ పేరొస్తే దారి తెరుచుకున్నట్టే. రాకపోతే అదే కమాండ్ ముందు సుడో (పూర్తి అధికారంతో నడపమనే మాట) చేర్చి కొట్టండి. సుడోతో వచ్చి, మామూలుగా రాకపోతే అది పర్మిషన్ సమస్య, మీ యూజర్‌ని స్కానర్ గ్రూపులో చేర్చాలి. కొన్ని మోడళ్లు ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ ఫైలు (స్కానర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) అడుగుతాయి. అది మీ పాత సీడీలోనే ఉంటుంది. అందుకే ఆ సీడీ పారేయకండి. హెచ్‌పీ ఆల్ ఇన్ వన్ మెషీన్లకు హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ వేసుకోవాలి, కొన్నిటికి దాంతో పాటు ప్లగిన్ కూడా దించుకోమంటుంది. దించుకోండి.

పాత సిస్టమ్‌ని స్కానర్‌కే వదిలేయడం

కొత్త సిస్టమ్ వచ్చాక పాతది మూలన పడి ఉంటుంది కదా. మేం దాంట్లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించి స్కానర్ పక్కన పెట్టేశాం. 2 జీబీ ర్యామ్ ఉన్నా బండి నడుస్తుంది, 4 జీబీ ఉంటే సుఖం. స్కాన్ చేసిన ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో పడతాయి, ఆ ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో షేర్ చేశాం, కొత్త సిస్టమ్ నుంచి తీసుకుంటాం. షేర్ చేసేటప్పుడు యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్ లేని షేరింగ్‌తో కొత్త విండోస్ పేచీ పెడుతుంది, పైగా అది మంచిది కూడా కాదు. న్యాప్స్2 లినక్స్‌లోనూ నడుస్తుంది. అందులో స్కానర్ షేరింగ్ పెడితే కొత్త సిస్టమ్‌లోని న్యాప్స్2 నుంచే నేరుగా స్కాన్ నొక్కొచ్చు.

పెద్దాయన దస్తావేజు మొదట స్కాన్ చేసింది ఆ పాత సిస్టమ్‌లోనే. చెప్పినట్టే రెండు రోజులకు వచ్చాడు. తెర మీద పెద్దది చేసి చూపిస్తే, సబ్ రిజిస్ట్రార్ ముద్ర కింద వాళ్ల నాన్న వేలిముద్ర గీతలతో సహా కనబడింది. చాలాసేపు చూశాడు. ఇంకో ప్రింటు తీసి ఇమ్మన్నాడు, ఇంట్లో పెట్టుకోవడానికి.

పాత సిస్టమ్‌లో విండోస్ 7 గానీ ఎక్స్‌పీ గానీ అలాగే ఉంచి వాడదామనుకుంటే ఒక షరతు: ఇంటర్నెట్ పూర్తిగా తీసేయండి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కి 2020 జనవరిలో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకోండి, తెచ్చుకున్న ప్రతిసారీ కొత్త సిస్టమ్‌లో వైరస్ స్కాన్ చేసి తెరవండి.

రెండో సిస్టమ్‌కి చోటు లేనివాళ్లు వర్చువల్‌బాక్స్ (సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌ని నడిపే ప్రోగ్రామ్)లో పాత విండోస్ వేసి, యూఎస్‌బీ మెనూలోంచి స్కానర్‌ని దానికి అప్పగించొచ్చు. పనిచేస్తుంది గానీ నెమ్మది, లైసెన్సు ఉన్న పాత విండోస్ కావాలి. నెలకు నాలుగు స్కాన్లు చేసుకునే ఇంటివాళ్లకు పర్వాలేదు, షాపుకి నేను చెప్పను.

నడిచాక సెట్టింగులు

మామూలు కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క) చాలు. ఏ4 పేజీ 300 డీపీఐలో రంగుల్లో తీస్తే 2480 బై 3508 పిక్సెళ్లు, కుదించకముందు దాదాపు 26 ఎంబీ. 600 పెడితే నాలుగింతలవుతుంది, పాత సిస్టమ్ మూలుగుతుంది. చిన్న ఫొటోలకు మాత్రమే 600 పెట్టండి. అప్లికేషన్లకు కేబీల్లో అడిగినప్పుడు కూడా ముందు 300లో తీసి దాచుకుని, ఆ తర్వాత తగ్గించి ఇంకో కాపీ చేయండి. ముందే 100లో తీస్తే రేపు పెద్దది కావాలన్నప్పుడు కాగితం మళ్లీ దొరకదు.

పసుపు పట్టిన పాత దస్తావేజులు, పెన్సిల్ రాతలు ఉన్నవి బ్లాక్ అండ్ వైట్‌లో తీయొద్దు, సగం అక్షరాలు మాయమవుతాయి. గ్రేస్కేల్ పెట్టండి. ముద్రలుంటే రంగుల్లోనే తీయండి, ఊదారంగు ముద్ర కింద నల్ల సంతకం విడిగా కనబడాలి.

స్టాంపు పేపర్లతో ఇంకో చిక్కుంది. అవి లీగల్ సైజు, 14 అంగుళాల పొడవు. ఏ4 స్కానర్ గాజు 11.7 అంగుళాలే. కింద సంతకాలు తెగిపోయిన స్కాన్లు ఎన్ని చూశానో. పై భాగం ఒకసారి, కింది భాగం ఒకసారి తీయండి, మధ్యలో నాలుగైదు వరసలు రెండిట్లోనూ వచ్చేలా. రెండు పేజీల పీడీఎఫ్‌గా ఇస్తే తీసుకునేవాళ్లకు ఏ వరసా పోలేదని తెలుస్తుంది.

స్కాన్ మీద పైనుంచి కిందికి సన్నని గీత పడుతుంటే డ్రైవర్ మార్చకండి, అది దుమ్ము. చీమకుర్తి వైపు క్వారీ దుమ్ము మూతలోంచి కూడా దూరుతుంది. స్కాన్ మొదలయ్యే వైపు గాజు అంచు కింద తెల్లపట్టీ ఉంటుంది, స్కానర్ తన తెలుపును అక్కడే సరిచూసుకుంటుంది. ఆ చివర గాజును మెత్తటి గుడ్డతో తుడవండి. క్లీనర్‌ని గాజు మీద కొట్టకూడదు, గుడ్డ మీద కొట్టి తుడవాలి, లేకపోతే అంచుల్లోంచి లోపలికి దిగి మబ్బు పడుతుంది.

సాయంత్రం షాపు కట్టేటప్పుడు ఆ రోజు జనం కాగితాల స్కాన్లు తుడిచేయండి, రీసైకిల్ బిన్‌తో సహా. పెద్దాయన దస్తావేజు మా దగ్గర లేదు. ఆయన పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆయన చూస్తుండగానే తీసేశాను.

చివరగా, పనిచేసిన డ్రైవర్ ఫైలునీ, ఐఎస్ఓ ఫైలునీ రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచండి. కంపెనీలు పాత మోడళ్ల పేజీలు తీసేస్తుంటాయి. స్కానర్ అడుగున లాక్ పక్కనే తెల్ల స్టిక్కర్ అంటించి, మోడల్ పేరు, ఆ ఎనిమిది అక్షరాలు, ఏ ప్రోగ్రామ్‌తో నడిచిందో, వెనక ఏ పోర్టులో గుచ్చారో బాల్‌పెన్‌తో రాసి, మీద టేపు వేయండి. మా స్టిక్కర్ మీద ఇంకో వరస కూడా ఉంది: షాపు మార్చేటప్పుడు లాక్ వేయాలి, దించగానే తీయాలి.